అరచేతిలో డార్క్ రూమ్

పోలరాయిడ్ ఫోటో చూసినవాళ్లకి దాని తెల్ల అంచు గుర్తుండే ఉంటుంది. మూడు వైపులా సన్నగా, కింది వైపు మాత్రం వెడల్పుగా ఉంటుంది. ఆ వెడల్పు చోట పేరూ తేదీ రాసుకోవడం చాలామందికి అలవాటు. రాసుకోవడానికే వదిలారనుకుంటారు కూడా. అసలు కారణం వేరు. ఆ అంచు వెనక ఒక చిన్న సంచీ దాగి ఉంటుంది. ఫోటో తీయకముందు అందులో చిక్కటి క్షారం ముద్దగా ఉంటుంది. ఫిల్మ్ కెమెరాలోంచి బయటికి వచ్చేటప్పుడు రెండు ఉక్కు రోలర్లు ఆ సంచీని చిట్లించి, ముద్దను ఫిల్మ్ పొరల మధ్య పరుస్తాయి. చెరుకు రసం బండి మీద గడ నలిగినట్టే నలుగుతుంది. కాకపోతే ఇక్కడ రసం బయటికి కారకూడదు. లోపలే, ఇంచుమించు తల వెంట్రుకంత మందాన, ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా సర్దుకోవాలి.

ఇన్‌స్టంట్ ఫోటోగ్రఫీ బతుకంతా ఆ సంచీ మీద, అది తడిపే పొరల మీద ఆధారపడి ఉంది. పాత కెమెరాను బాగుచేయడం గురించి మాట్లాడేటప్పుడు లెన్స్, షట్టర్, మోటారు అంటూ లోహం వైపే చూస్తాం. లోహాన్ని ఎవరో ఒకరు బాగుచేయగలరు. ఫిల్మ్ అలా కాదు. అది రసాయన శాస్త్రం, అదీ ఒకే చోట దొరకని శాస్త్రం.

ఎడ్విన్ లాండ్ 1909లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో పుట్టాడు. హార్వర్డ్‌లో చేరి, డిగ్రీ పూర్తి చేయకుండానే బయటికొచ్చి, కాంతిని ధ్రువణం చేసే పలుచటి రేకులు తయారుచేశాడు. 1937లో పోలరాయిడ్ కంపెనీ పెట్టింది వాటి కోసమే. ఫోటోల ఆలోచన 1943లో వచ్చింది. కుటుంబంతో శాంటా ఫేకి సెలవులకు వెళ్లినప్పుడు, నాన్న తీసిన ఫోటో ఇప్పుడే ఎందుకు చూడకూడదని మూడేళ్ల కూతురు జెన్నిఫర్ అడిగిందట. లాండ్ తర్వాత ఎన్నోసార్లు చెప్పిన కథ ఇది. చెప్పగా చెప్పగా కొంత నునుపు తేలి ఉండొచ్చు. కానీ ఆ ప్రశ్నకు ఆయన వెతికిన జవాబు మాత్రం అపురూపమైనది.

మామూలు ఫిల్మ్‌లో వెలుతురు తగిలిన చోట వెండి లవణం, డెవలపర్‌లో ముంచగానే నల్లటి వెండిగా మారుతుంది. వెలుతురు తగలని చోట లవణం అలాగే మిగిలిపోతుంది. దాన్ని హైపోలో కరిగించి పారబోస్తారు. పాతకాలపు స్టూడియోల్లో డార్క్ రూమ్ పని చేసినవాళ్లందరికీ ఇది తెలిసిన సంగతే. లాండ్ చూపు ఆ పారబోసే భాగం మీద పడింది. నెగటివ్‌లో నల్లబడని చోటల్లా మిగిలిన లవణం ఉంది. అంటే ఆ మిగులులోనే పాజిటివ్ బొమ్మ ఉంది! దాన్ని కరిగించి, ఎదురుగా అంటించిన కాగితం మీదికి నడిపించి, అక్కడ వెండిగా మారిస్తే చాలు. నెగటివ్ తయారయ్యే క్షణాల్లోనే ప్రింటూ తయారవుతుంది. డెవలపర్, హైపో రెండూ ఒకే ముద్దలో, ఒకే సంచీలో ఉంటాయి. యూరప్‌లో ఆగ్ఫా కంపెనీలో ఎడిత్ వైడె, గెవార్ట్‌లో ఆంద్రే రాట్ అంతకు కొన్నేళ్ల ముందే ఈ సూత్రాన్ని విడివిడిగా పట్టుకున్నారు. దాన్ని కెమెరాలోకి తెచ్చినవాడు మాత్రం లాండ్.

1947 ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లో ఆప్టికల్ సొసైటీ సభ్యుల ముందు దీన్ని చూపించాడు. 1948 నవంబర్ 26న బోస్టన్‌లోని జోర్డన్ మార్ష్ దుకాణంలో మొదటి కెమెరా, మోడల్ 95, అమ్మకానికి వచ్చింది. ధర 89 డాలర్ల 75 సెంట్లు. తెచ్చిన సరుకు ఆ రోజే అయిపోయింది. అప్పటి బొమ్మలు గోధుమ రంగులో ఉండేవి. రెండేళ్లకు అసలైన నలుపు తెలుపు ఫిల్మ్ వచ్చింది గానీ, ప్రింట్లు వెలిసిపోతున్నాయని గగ్గోలు పుట్టింది. ఆ నలుపు తెలుపు ఫిల్మ్ విభాగాన్ని నడిపిన మెరో మోర్స్ కాలేజీలో చదివింది కళాచరిత్ర. ప్రపంచం మొత్తం మీద ఇన్‌స్టంట్ ఫిల్మ్ గురించి అందరికంటే బాగా తెలిసిన కొద్దిమందిలో ఆమె ఒకరయ్యారు. ఈ చరిత్రలో ఆమె పేరు ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాల్సిందని నా అభిప్రాయం.

రంగుల ఫిల్మ్ 1963లో వచ్చింది. పోలరాయిడ్ పరిశోధకుడు హోవర్డ్ రోజర్స్ ఏళ్ల తరబడి వెతికి పట్టుకున్న ఉపాయం ఒకే అణువుకు రెండు పనులు అప్పగించడం. అణువుకు ఒక కొసన రంగు, రెండో కొసన డెవలపర్. వెలుతురు తగిలిన వెండి లవణం ఎదురైతే డెవలపర్ కొస దానితో చర్య జరిపి అక్కడే ఇరుక్కుపోతుంది, దానితో పాటు రంగూ ఆగిపోతుంది. ఎదురుకాకపోతే అణువు స్వేచ్ఛగా పైకి ఈదుకుంటూ వెళ్లి, బొమ్మ పొరలో స్థిరపడుతుంది. నీలం వెలుతురును పట్టే పొర దగ్గర పసుపు రంగు, ఆకుపచ్చను పట్టే పొర దగ్గర మెజెంటా, ఎరుపును పట్టే పొర దగ్గర సయాన్. ఏ రంగు ఎక్కడ ఆగాలో, ఎక్కడ కదలాలో వెలుతురే నిర్ణయిస్తుంది.

అప్పటిదాకా వచ్చినవి ఒలిచే రకం ఫిల్ములు. కెమెరా లోంచి కాగితం పట్టి లాగాలి, నిమిషం లెక్కపెట్టాలి, నెగటివ్‌ను ఒలిచి పారేయాలి. క్షారం అంటిన ఆ చెత్త చేతులకు మంచిది కాదు. అందుకే లాండ్‌కు తృప్తి లేదు. 1972 ఏప్రిల్‌లో కంపెనీ వాటాదారుల సమావేశంలో కోటు జేబులోంచి మడతపెట్టిన కెమెరా తీసి, పది సెకన్లలో ఐదు ఫోటోలు తీశాడు. అదే ఎస్‌ఎక్స్-70. ఒలిచేది లేదు, పారేసేది లేదు. ఫోటో బయటికి వచ్చి, పట్టపగటి వెలుతురులో, మన కళ్లముందే తేలుతుంది.

ఇది ఎలా సాధ్యం? ఫిల్మ్ ఇంకా డెవలప్ అవుతూ ఉండగానే ఎండ తగిలితే పాడైపోవాలి కదా. జవాబు మళ్లీ ఆ సంచీలోనే ఉంది. ముద్దలో రెండు పదార్థాలు కలిపారు. ఒకటి టైటానియం డయాక్సైడ్, గోడలకు వేసే తెల్ల పెయింట్‌లో ఉండేదే. బొమ్మకు తెల్లటి వెనకతెర అదే. రెండోది ఒక ప్రత్యేకమైన రంగు. ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫినాఫ్తలీన్ చుక్క వేసి టైట్రేషన్ చేసినవాళ్లకు దీని స్వభావం తెలుసు. క్షారంలో గులాబీ రంగు, ఆమ్లం చాలినంత చేరగానే రంగే లేదు. లాండ్ బృందం వాడిన రంగులు ఆ కుటుంబానివే. క్షారం గాఢంగా ఉన్నంతసేపు అవి ముదురు రంగులో ఉండి వెలుతురును లోపలికి పోనివ్వవు. ఫిల్మ్‌లోనే మరో పొరలో ఆమ్ల స్వభావం గల పాలిమర్ కాచుకుని ఉంటుంది. దానికి క్షారం వెంటనే చేరకుండా మధ్యలో ఒక అడ్డుపొర కొంత ఆలస్యం చేస్తుంది. రంగుల అణువులు తమ చోటికి చేరుకునే వేళకు క్షారం ఆ పాలిమర్‌కు చేరి తటస్థమవుతుంది, ముదురు రంగు మాయమవుతుంది, బొమ్మ బయటపడుతుంది. నిజంగా ఇది డార్క్ రూమే. గోడలు తామే కట్టుకుని, పని కాగానే తామే కరిగిపోయే డార్క్ రూమ్.

ఇక్కడ ఒక జ్యామితి సంగతి చెప్పాలి. ఏ పాత కెమెరాకు ఏ కొత్త ఫిల్మ్ పనికొస్తుందో తేల్చేది ఇదే. లెన్స్ వైపు నుంచి చూస్తే ఫిల్మ్ మీద పడే బొమ్మ కుడి ఎడమలు తారుమారై ఉంటుంది. ఒలిచే రకంలో నెగటివ్ మీది బొమ్మ ఎదుటి కాగితానికి అంటుకునేటప్పుడు ఇంకోసారి తారుమారై సరిగ్గా వస్తుంది. ఎస్‌ఎక్స్-70 ఫిల్మ్‌లో వెలుతురు పడే వైపూ మనం చూసే వైపూ ఒకటే. అందుకే కెమెరాలో ఒక అద్దం పెట్టి బొమ్మను ముందే తిప్పాల్సి వచ్చింది. ఆ కెమెరాల త్రికోణపు ఆకారానికి మూలం ఆ అద్దమే. తర్వాత కొడాక్, ఫ్యూజీ చేసిన ఫిల్ములు మరో దారి పట్టాయి. వెనక వైపు నుంచి వెలుతురు పడుతుంది, ముందు వైపు నుంచి మనం చూస్తాం. అద్దం అక్కర్లేదు.

కొడాక్ పేరు వచ్చింది కాబట్టి ఆ ముచ్చటా చెప్పుకోవాలి. 1976లో కొడాక్ తన ఇన్‌స్టంట్ కెమెరాలు తెచ్చింది. పోలరాయిడ్ వెంటనే పేటెంట్ దావా వేసింది. తీర్పు 1985లో వచ్చింది, 1986 జనవరిలో కొడాక్ ఆ వ్యాపారం ఆపేయాల్సి వచ్చింది. చివరికి 1991లో 92.5 కోట్ల డాలర్లు చెల్లించింది. వార్తల్లో ఆ డబ్బే పెద్దదిగా కనిపించింది. నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. ఏ లోపమూ లేని లక్షలాది కొడాక్ కెమెరాలు ఫిల్మ్ దొరక్క ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. ఇన్‌స్టంట్ కెమెరా కొన్నవాడు ఒక కార్ఖానాతో ముడిపడిపోతాడని అప్పుడే లోకానికి తెలియాల్సింది.

గెలిచిన పోలరాయిడ్ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. గంటలో ప్రింట్లు ఇచ్చే మినీల్యాబులు వీధి వీధికీ వచ్చాయి. ఆ తర్వాత డిజిటల్ వచ్చింది. పోలరాయిడ్‌కు డిజిటల్ తెలియక కాదు, 1996లోనే సొంత డిజిటల్ కెమెరా అమ్మింది. కానీ ఆ కంపెనీ లాభమంతా ఫిల్మ్ మీదే. ఫిల్మే అక్కర్లేని కెమెరాను మనస్ఫూర్తిగా అమ్మడం దానికి చేతకాలేదు. పోలీసులు, బీమా కంపెనీలు, పాస్‌పోర్టు ఫోటోలవాళ్లు, సినిమా షూటింగుల్లో కంటిన్యుటీ చూసేవాళ్లు ఒక్కొక్కరే డిజిటల్‌కు మళ్లారు. 2001 అక్టోబర్‌లో దివాలా, 2008 ఫిబ్రవరిలో ఫిల్మ్ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటన, అదే డిసెంబర్‌లో మరోసారి దివాలా.

కార్ఖానా మూతపడితే యంత్రాలు పోతాయనుకుంటాం. అంతకంటే ముందు పోయేది సరఫరా గొలుసు. ఫిల్మ్‌లోని ఒక్కో పొరకు కావాల్సిన ఒక్కో రసాయనాన్ని ఒక్కో కంపెనీ తయారుచేస్తుంది. టన్నుల్లో కొనేవాడు పోయి కిలోల్లో కొనేవాడు మిగిలితే ఆ కంపెనీకి తయారీ గిట్టుబాటు కాదు. ఒక్కడు మానేసినా ఫిల్మ్ ఆగిపోతుంది. ఊటీలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్మ్, పేపర్ తయారుచేసేది. అదీ చివరికి మూతపడింది. ఇలాంటి పరిశ్రమ ఒకసారి పోతే భవనం మిగిలినా విద్య మిగలదు.

నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడే ఊళ్లో మాత్రం కొంత విద్య మిగిలింది. అక్కడి పోలరాయిడ్ కార్ఖానాను 2008 జూన్‌లో మూసేస్తున్నప్పుడు, ఉత్పత్తి విభాగం చూసిన ఆంద్రే బోస్‌మన్‌కూ, వియన్నా నుంచి వచ్చిన ఫ్లోరియన్ కాప్స్‌కూ పరిచయమైంది. ఇద్దరూ కలిసి తుక్కు కింద పోబోతున్న యంత్రాలను కొన్నారు, పదిమంది పాత ఉద్యోగులను వెనక్కి పిలిచారు. కంపెనీకి పెట్టుకున్న పేరు ‘ఇంపాజిబుల్ ప్రాజెక్ట్’. చేతిలో యంత్రాలున్నాయి, వాటిని నడిపే మనుషులున్నారు, వాటిలో పోయాల్సిన రసాయనాల్లో చాలా భాగం మాత్రం ప్రపంచంలో ఎక్కడా తయారు కావడం లేదు. ఉన్న పదార్థాలతో ఫిల్మ్‌ను మళ్లీ మొదటి నుంచి కనిపెట్టాల్సి వచ్చింది.

2010లో వచ్చిన వాళ్ల మొదటి ఫిల్మ్‌లో లోపాలు చాలా ఉన్నాయి. బొమ్మలు పాలిపోయేవి, మచ్చలు పడేవి, రంగుల ఫిల్మ్ తేలడానికి అరగంట పైనే పట్టేది. అన్నిటికంటే పెద్ద లోటు పైన చెప్పిన ముదురు రంగు. పాత రంగులంత గట్టివి దొరకలేదు. అందుకే ఫోటో బయటికి రాగానే వెలుతురు తగలకుండా అరచేత్తో కప్పాల్సి వచ్చేది. కెమెరా నోటి దగ్గర నల్లటి రేకు ఒకటి బిగించి, ఫోటోతో పాటు అది చాచుకునేలా చేశారు. లాండ్ దగ్గర పనిచేసిన స్టీఫెన్ హెర్షెన్ తర్వాత ఈ జట్టులో చేరాడు. ఏడాదికేడాది ఫిల్మ్ మెరుగుపడింది. 2017లో ఆ కంపెనీ ప్రధాన వాటాదారే పోలరాయిడ్ పేరునూ కొన్నాడు. 2020 నుంచి అది మళ్లీ పోలరాయిడ్‌గానే నడుస్తోంది. నాణ్యత లాండ్ కాలం నాటిదానికి ఇంకా సమం కాలేదు. రెండు డాలర్లు దాటే ఒక్కో ఫోటో ఖర్చు చూసి కోపగించేవాళ్లున్నారు. ఆ గొలుసును తిరిగి అతికించడానికి ఎంత శ్రమ పట్టిందో తెలిశాక నాకైతే కోపం రాదు.

ఫ్యూజీ కథ దీనికి తలకిందులు. 1998లో మొదలైన ఇన్‌స్టాక్స్ 2002లో పది లక్షల కెమెరాలు అమ్మి, కొద్ది ఏళ్లలోనే లక్ష దరిదాపులకు పడిపోయింది. అయినా ఆపలేదు. 2018-19 ఆర్థిక సంవత్సరానికి అమ్మకాలు కోటికి చేరాయి. మన పెళ్లిళ్లలో, కాలేజీ ఫేర్‌వెల్స్‌లో కనిపించే రంగురంగుల చిన్న కెమెరాలు ఇవే. కానీ అదే ఫ్యూజీ ఒలిచే రకం ప్యాక్ ఫిల్మ్‌ను 2016లో ఆపేసింది. అది చేసే పెద్ద కంపెనీ ఇంకొకటి లేదు. కాప్స్ వియన్నాలో చేత్తో కూర్చే ప్యాక్ ఫిల్మ్ ఒకటి తెచ్చాడు గానీ, దాంతో ఆ లోటు తీరలేదు.

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో చుట్టాలు తెచ్చిన కెమెరా మీ ఇంటి బీరువాలో ఉంటే, మొదట తేల్చుకోవాల్సింది అది పనిచేస్తుందా అని కాదు, దానికి ఫిల్మ్ ఉందా అని. తొలినాటి రోల్ ఫిల్మ్ కెమెరాలకు 1992తోనే ఫిల్మ్ ఆగింది. స్పెక్ట్రా రకానికి 2019లో ఆగింది, కొత్త ఫిల్మ్ ఆ కెమెరాల్లో పదేపదే ఇరుక్కుపోతుండటమే కారణం. ఎస్‌ఎక్స్-70, 600 రకాలు అదృష్టవంతులు, వీటికి ఇవాళా ఫిల్మ్ వస్తోంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ పాత కెమెరాల్లో బ్యాటరీ ఉండదు. ఫిల్మ్ ప్యాక్ అడుగునే ఆరు వోల్టుల పలుచటి బ్యాటరీ ఉంటుంది. ప్యాక్ మారినప్పుడల్లా బ్యాటరీ మారిపోతుందని లాండ్ చేసిన ఏర్పాటు ఇది. ఇప్పుడు ‘ఐ-టైప్’ అని కొంచెం చవకగా దొరికే ఫిల్మ్‌లో బ్యాటరీ లేదు. అది పాత కెమెరాలో పనిచేయదు. అయిపోయిన పాత రకం ప్యాక్‌ను పారేయకండి. అందులో బ్యాటరీ ఇంకా మిగిలి ఉంటుంది, కెమెరా మోటారు తిరుగుతుందో లేదో ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. ఇంకో తికమక. పాత ప్యాక్‌లో పది ఫోటోలు ఉండేవి, ఇప్పటి ఫిల్మ్ కాస్త మందం కాబట్టి ఎనిమిదే. పాత కెమెరా లెక్క పది నుంచే మొదలవుతుంది, ఇంకా రెండున్నాయని చూపిస్తుంది. నమ్మవద్దు.

600 ఫిల్మ్ ఎస్‌ఎక్స్-70 ఫిల్మ్ కంటే నాలుగు రెట్లు వేగం. దాన్ని ఎస్‌ఎక్స్-70లో వాడాలంటే వెలుతురును నాలుగో వంతుకు తగ్గించే ఫిల్టర్ లెన్స్ మీద పెట్టాలి. ఫోటోల మీద ఒకే దూరంలో మళ్లీ మళ్లీ మచ్చలు పడుతుంటే తప్పు ఫిల్మ్‌ది కాదు, రోలర్ మీద ఎండిన ముద్దది. ప్యాక్ ప్యాక్‌కీ తడి గుడ్డతో రోలర్లు తుడవడం మించిన మరమ్మతు లేదు. ఫోటోను ఊపడం కూడా మానాలి. తడి ఆరడానికి ఊపడం ఒలిచే రకం నాటి అలవాటు. ఇప్పటి ఫిల్మ్‌లో తడి లోపలే ఉంటుంది, గట్టిగా ఊపితే పొరలు విడిపోవచ్చు.

మన ప్రాంతంలో అసలు శత్రువు ఎండ. ఈ ఫిల్మ్ 13 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పనిచేస్తుంది. సంచీలోని ముద్ద చిక్కదనం, అణువుల ఈత, అడ్డుపొర ఆలస్యం, అన్నీ ఆ వేడికి లెక్కగట్టినవే. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో తీస్తే చర్యలన్నీ తొందరపడి బొమ్మ పసుపో ఎరుపో తిరుగుతుంది. లంబసింగి చలిలో తీస్తే పాలిపోయి నీలిగా వస్తుంది. అక్కడైతే ఫోటోను వెంటనే లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి పెట్టుకోవాలి. ఎండాకాలంలో ఉదయం పూట తీసి, ఫోటోను నీడలో బోర్లా ఉంచాలి. ఆగి ఉన్న కారులో కెమెరాను వదలకూడదు. ఫిల్మ్‌ను ఫ్రిజ్‌లో దాచుకోవచ్చు గానీ ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకడితే సంచీ పాడవుతుంది. వాడేముందు గది వేడికి వచ్చేదాకా ఆగాలి. ఎంత జాగ్రత్తగా దాచినా తయారైన ఏడాదిలోపే వాడేయడం మేలు.

ఇక 1960లు, 70ల నాటి ప్యాక్ ఫిల్మ్ కెమెరాలు. మంచి రకాలకు గాజు లెన్సులు, మంచి షట్టర్లు, చాలావాటిలో చెడిందంటూ ఏమీ లేదు, ఫిల్మ్ తప్ప. ఇక్కడే పైన చెప్పిన జ్యామితి ఆదుకుంటుంది. వీటిలో అద్దం లేదు. ఇన్‌స్టాక్స్ ఫిల్మ్‌కూ అద్దం అక్కర్లేదు. కాబట్టి వెనక తలుపు తీసేసి ఇన్‌స్టాక్స్ వైడ్ కెమెరా రోలర్ల భాగాన్ని బిగిస్తే బొమ్మ సరిగ్గానే వస్తుంది. అదే ఫిల్మ్‌ను ఎస్‌ఎక్స్-70లో పెడితే అక్షరాలు తిరగబడతాయి. ఇలా మార్చి అమ్మేవాళ్లున్నారు, త్రీడీ ప్రింటర్‌తో సొంతంగా చేసుకునేవాళ్లూ ఉన్నారు. ఫోకస్ దూరాన్ని కొత్తగా సర్దుకోవాలి, ఐఎస్ఓ 800 ఫిల్మ్‌కు తగ్గట్టు వెలుతురు తగ్గించుకోవాలి. ఆ పని ఎప్పుడు చేసినా పర్వాలేదు. ఒక్కటి మాత్రం ఇవాళే చేయండి. ఆ కెమెరాల బ్యాటరీ గది తెరిచి చూడండి. ఏళ్ల కిందట పెట్టిన సెల్ కారి, తీగలను తినేస్తూ ఉంటుంది. దాన్ని తీసేసి, వెనిగర్‌లో ముంచిన దూదితో ఆ పచ్చటి చిలుమును తుడిచి, ఆరబెట్టండి. సరైన పాత సెల్ దొరక్కపోతే సన్నటి ట్రిపుల్-ఏ సెల్స్ పట్టే చిన్న గూడును ఆ రెండు తీగలకు అతికించమని ఏ ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌ను అడిగినా చేసిపెడతాడు. కెమెరాకు మూడు వోల్టులు కావాలో నాలుగున్నర కావాలో ముందు చూసుకుని వెళ్లండి.